రాత్రి డ్యూటీకి రెండో మనిషి: పోలీసు గ్రాంట్ల వెంట మూడేళ్లు

ఆ బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్టు లోపలి వైపు కుట్టిన చీటీ మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. చెమటకు తెల్లని గుడ్డ పసుపుపచ్చగా మారింది. వేలితో సరిచేసి వెలుతురులో పట్టుకుంటే తయారీ తేదీ కనిపించింది: 2014 మార్చి. నేను చూస్తున్నది 2022 మార్చిలో. ఇలాంటి జాకెట్లకు తయారీదారులు సాధారణంగా ఇచ్చే హామీ ఐదేళ్లు. ఆ గడువు దాటి మూడేళ్లయింది, జాకెట్టు మాత్రం ఇంకా ప్రతి రాత్రీ ఒక మనిషి గుండెల మీదే ఉంటోంది.

దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టినవారు మా పట్టణ పోలీసు చీఫ్. "ఇలాంటివి ఇంకో ఐదు ఉన్నాయి. కొత్తవి కొందామంటే కౌన్సిల్ దగ్గర డబ్బు లేదు. గ్రాంట్ల సంగతి మీరేమైనా చూడగలరా?" అని అడిగారు. నేను సిటీ హాల్లో జమాఖర్చులు చూసే ఉద్యోగిని. జీతాలు, నీటి బిల్లుల వసూళ్లు, ఏడాది చివర ఆడిట్ నా పని. గ్రాంటు దరఖాస్తు అంతవరకు ఒక్కటీ రాసి ఎరుగను. అయినా ఆ చీటీ చూశాక కాదనే మాట నోటికి రాలేదు.

మాది అమెరికా మధ్య పశ్చిమంలో 4,600 మంది ఉండే పట్టణం. చీఫ్‌తో కలిపి తొమ్మిదిమంది పోలీసులు. సెలవులు, శిక్షణలు, కోర్టు హాజరీలు పోగా అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము ఆరింటి దాకా ఊరంతటికీ ఒక్కరే డ్యూటీలో ఉండేవారు. తోడు కావాలంటే కౌంటీ (మన జిల్లా లాంటిది) పోలీసు అధికారి షెరిఫ్ పంపే మనిషి రావాలి. ఆయన ఏ మూల ఉన్నారన్నదాన్ని బట్టి ఇరవై నిమిషాలైనా పట్టవచ్చు, నలభై అయినా పట్టవచ్చు.

మా మేనమామ హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యారు. ఫోన్లో ఈ సంగతి చెబితే, "అదేమిటమ్మా, పోలీసులకు జాకెట్లు కొనడానికి దరఖాస్తులు పెట్టుకోవడమేమిటి? ప్రభుత్వం ఇవ్వదా?" అని ఆశ్చర్యపోయారు. "ఇక్కడ ఊరి పోలీసులకు ఊరే ప్రభుత్వం మావయ్యా" అని చెప్పాను. ఈ దేశంలో చిన్నా పెద్దా కలిపి దాదాపు 18,000 పోలీసు సంస్థలు ఉన్నాయి. ఊళ్ల పోలీసు శాఖల్లో సుమారు సగం పదిమంది కూడా లేనివే. జీతాలు, కార్లు, తూటాలు అన్నీ ఆ ఊరి ఆస్తి పన్ను, అమ్మకం పన్నుల్లోంచే రావాలి. ఫ్యాక్టరీ ఒకటి మూతపడితే పన్ను తగ్గుతుంది, పన్ను తగ్గితే గస్తీ తగ్గుతుంది. ఆ లోటులో కొంతైనా పూడ్చుకోవడానికి ఊరికి మిగిలిన దారుల్లో గ్రాంటు ఒకటి.

దరఖాస్తు ఎక్కడ మొదలవుతుందో తెలియక నేను గ్రాంటు వివరణ పత్రం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. నిజానికి మొదలు అక్కడ కాదు. కేంద్ర ప్రభుత్వం సొమ్ము ఏది తీసుకోవాలన్నా ముందు శామ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఊరి నమోదు చెల్లుబాటులో ఉండాలి. దాన్ని ఏటా పునరుద్ధరించుకోవాలి. మా నమోదు గడువు తీరి రెండేళ్లయింది. ఆ ఖాతా ఎప్పుడో రిటైరై వెళ్లిపోయిన క్లర్కు ఈమెయిల్‌తో ముడిపడి ఉంది. ఆ మెయిల్ ఇప్పుడు లేదు. కొత్త నిర్వాహకురాలిగా నన్ను నియమిస్తున్నట్టు మేయర్ సంతకంతో, నోటరీ ముద్రతో ఒక లేఖ పంపాల్సి వచ్చింది. అది నడుస్తుండగానే 2022 ఏప్రిల్ 4న సంస్థలను గుర్తించే పాత డన్స్ నంబరును పూర్తిగా పక్కనపెట్టి 12 అక్షరాంకెల యూఈఐ గుర్తింపును అమల్లోకి తెచ్చారు. ఊరి పేరు, చిరునామా మేం చూపించే కాగితాలతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. మా బ్యాంకు కాగితాల్లో ఊరి పేరు ఒక విధంగా, రాష్ట్రం దగ్గరున్న పత్రంలో మరో విధంగా ఉంది. తప్పు మాదే. సరిచేసుకునేసరికి ఏడు వారాలు గడిచాయి.

ఆ ఏడు వారాల్లో ఒక ఉత్తరం కూడా వచ్చింది. ప్రభుత్వ లేఖలా కనిపించేటట్టు అచ్చు వేసి, "మీ నమోదు ముగుస్తోంది, వెంటనే ఇంత చెల్లించండి" అని రాసి ఉంది. చెక్కు దాదాపు రాయబోయాను. శామ్ నమోదుకు ఒక్క సెంటు కూడా చెల్లించనక్కర్లేదు. నమోదు వివరాలు బహిరంగంగా ఉంటాయి కాబట్టి వాటిని చూసి ఎవరో ఒకరు ఇలాంటివి పంపుతుంటారు. చిన్న ఊళ్లలో ఈ పని కొత్తగా నెత్తినపడిన వారు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ డబ్బు దయచేసి కట్టకండి.

నమోదు నడుస్తుండగానే ఏ గ్రాంట్లు ఉన్నాయో వెతికాను. కేంద్ర గ్రాంట్లన్నీ ప్రకటించే గ్రాంట్స్ డాట్ గవ్‌లో పోలీసు అన్న మాటతో వెతికితే కుప్పలు తెప్పలుగా వచ్చాయి. వాటిలో సగం విశ్వవిద్యాలయాలకు, పరిశోధన సంస్థలకు. కొన్నాళ్లకు ఒక పద్ధతి పట్టుబడింది. పత్రం ఎంత పొడవున్నా ముందు మూడే చూడాలి: అర్హులు ఎవరు, ఊరు పెట్టాల్సిన వాటా ఎంత, సొమ్ముతో ఏం కొనకూడదు. ఈ మూడూ దాటితేనే మిగతా పేజీలు చదవాలి. అంతకుముందు నేను తలకిందులుగా చేశాను. ఉద్దేశాలు, లక్ష్యాలు చదివి ఉత్సాహపడి, చివర్లో మాకు అర్హత లేదని తెలుసుకునేదాన్ని.

జాగ్ అనే గ్రాంటు విషయంలో అదే జరిగింది. పూర్తి పేరు ఎడ్వర్డ్ బైర్న్ మెమోరియల్ జస్టిస్ అసిస్టెన్స్ గ్రాంట్. స్థానిక పోలీసులకు న్యాయశాఖ ఇచ్చే సొమ్ములో ప్రధానమైనది. దీనికి ఊరు వాటా పెట్టనక్కర్లేదు, ఖర్చుకు వెసులుబాటు ఎక్కువ. ఎవరీ బైర్న్ అని చూశాను. న్యూయార్క్ నగరంలో 22 ఏళ్ల పోలీసు. 1988 ఫిబ్రవరి 26 తెల్లవారుజామున క్వీన్స్‌లో, మాదకద్రవ్యాల ముఠా మీద ఫిర్యాదు చేసిన సాక్షి ఇంటి ముందు కారులో ఒంటరిగా కాపలా కాస్తుండగా కాల్చి చంపారు. ఆ ఒంటరి అన్న మాట దగ్గర నా చదువు ఆగిపోయింది. మా పట్టణంలో అదే వేళకు కారులో ఒక్కరే కూర్చుని ఉండేవారి ముఖాలు నాకు తెలుసు. వారి జీతం బిల్లులు నేనే వేస్తాను.

జాగ్‌లో రాష్ట్రం వాటా జనాభాను, హింసాత్మక నేరాల లెక్కలను బట్టి, అందులో ప్రతి ఊరి వాటా హింసాత్మక నేరాల లెక్కలను బట్టి ముందే తేలుతుంది. రాష్ట్రాల వారీగా జాబితా ఏటా ప్రకటిస్తారు. సూత్రం ప్రకారం వాటా 10,000 డాలర్లకు తగ్గితే ఆ ఊరు నేరుగా దరఖాస్తు పెట్టడానికి వీల్లేదు, ఆ సొమ్ము రాష్ట్రానికి వెళుతుంది. జాబితాలో మా పేరు లేదు. అది చూడకుండా నేను రెండు వారాలు బడ్జెట్ పట్టికలు తయారుచేశాను. చిన్న ఊళ్లు అడగాల్సింది రాష్ట్రంలో ఈ సొమ్ము పంచే సంస్థను. ఆ దారిన వెళితే ఆ మరుసటి ఏడాది మాకు రెండు రేడియోలకు సరిపడా సొమ్ము వచ్చింది.

ఆ వెతుకులాటలో ఇంకో లోపం బయటపడింది. నేరాల లెక్కలు ఎఫ్‌బీఐకి చేరాలి. 2021 జనవరి 1 నుంచి ఎఫ్‌బీఐ పాత సారాంశ పద్ధతిని మానేసి, ఒక్కో ఘటనను విడివిడిగా నమోదు చేసే నైబర్స్ పద్ధతికి మారింది. మా శాఖలో కొన్ని నెలల లెక్కలు అసలు వెళ్లనే లేదు. "ఆ నెలల్లో పెద్దగా ఏమీ జరగలేదు కదా" అన్నారు ఒక అధికారి. ఏమీ జరగకపోతే సున్నా అని పంపాలి, పంపకపోవడం వేరు, సున్నా వేరు. లెక్కలు లేని ఊరు సూత్రానికి కనపడదు. జనం మీద దాడి జరిగినా, ఆ సంగతి కాగితం మీదికి ఎక్కకపోతే సొమ్ము పంచే చోట ఆ ఊరు లేనట్టే. చీఫ్, నేను కూర్చుని ఆ వెనకబాకీ నెలలన్నీ ఒక్కొక్కటిగా పూర్తిచేశాం.

మొదట చేతికి వచ్చింది జాకెట్ల సొమ్మే. బుల్లెట్‌ప్రూఫ్ వెస్ట్ పార్ట్‌నర్‌షిప్ అనే ఈ పథకం 1998 నాటి చట్టంతో వచ్చింది. జాకెట్టు ఖరీదులో గరిష్ఠంగా సగం తిరిగి చెల్లిస్తారు. తిరిగి చెల్లిస్తారన్న మాట గట్టిగా గుర్తుంచుకోవాలి, ముందు కొనాల్సింది మనమే. కొనే నమూనా న్యాయశాఖ పరిశోధన విభాగమైన ఎన్‌ఐజే ప్రమాణాలకు సరిపోవాలి. డ్యూటీలో ఉన్నవారంతా తప్పనిసరిగా జాకెట్టు వేసుకోవాలన్న నిబంధన శాఖలో రాతపూర్వకంగా ఉండాలి. మా దగ్గర ఆ నిబంధన మాటల్లో ఉంది, రాతలో లేదు. చీఫ్ ఒక పూటలో రాశారు.

కొలతలు తీసుకునే రోజు నేనూ వెళ్లాను, బిల్లులో ఏ కొలతకు ఎంతో రాసుకోవడానికి. మా శాఖలో ఒక మహిళా అధికారి ఉన్నారు. నాలుగేళ్లుగా ఆమె వేసుకుంటున్నది అంతకుముందు పనిచేసిన ఒకాయన జాకెట్టు. చేతులు పైకెత్తమంటే ఎత్తారు. చంక కింద నా అరచెయ్యి పట్టేంత సందు ఉంది. కారులో కూర్చుంటే ముందు పలక గడ్డానికి తగులుతుందని, అందుకే పట్టీలు వదులు చేసుకుంటానని చెప్పారు. ఈ పథకంలో ప్రతి జాకెట్టూ వేసుకునే మనిషి ఒంటికి తగ్గట్టు అమరేది కావాలన్న షరతు ఉంది. ఆ షరతు రాసినవారు ఎవరో గానీ, ఇలాంటి సందును కళ్లారా చూసే రాసి ఉంటారని నాకు అనిపించింది.

ఆరు జాకెట్లకు 5,700 డాలర్లయింది. మిగతా సగాన్ని జాగ్ సొమ్ముతో కట్టడానికి వీల్లేదు, ఊరే భరించాలి. అగ్నిమాపక దళం వారు ఒక ఆదివారం పొద్దున పాన్‌కేక్ విందు పెట్టి వచ్చిన విరాళమంతా మాకు ఇచ్చారు. తక్కువపడింది కౌన్సిల్ వేసింది. 2022 అక్టోబరులో పెట్టెలు వచ్చాయి. ప్రతి జాకెట్టు చీటీ మీద తేదీ, సీరియల్ నంబరు ఒక పట్టికలో ఎక్కించి, ఐదేళ్ల తర్వాతి తేదీని పక్క గడిలో రాశాను. ఆ పట్టిక ముందు నుంచీ ఉండి ఉంటే 2019లోనే ఎవరో ఒకరు అడిగి ఉండేవారు.

గస్తీ కారు సొమ్ము నేను కలలో కూడా ఊహించని చోట దొరికింది: వ్యవసాయ శాఖలో. గ్రామీణాభివృద్ధి విభాగం వారి కమ్యూనిటీ ఫెసిలిటీస్ పథకం 20,000 లోపు జనాభా ఉన్న ఊళ్లకు ఆసుపత్రులు, గ్రంథాలయాలు, అగ్నిమాపక వాహనాలతో పాటు పోలీసు కార్లకూ గ్రాంటు, అప్పు ఇస్తుంది. ఎంత శాతం ఇస్తారన్నది జనాభాను, కుటుంబాల మధ్యస్థ ఆదాయాన్ని బట్టి మెట్లు మెట్లుగా ఉంటుంది. అన్నిటికంటే పేద, చిన్న ఊళ్లకు 75 శాతం దాకా వస్తుంది. మాకు 55 శాతం మెట్టు దక్కింది. ఆ కార్యాలయంలోని అధికారి ఓపికగా ఫోన్లో అన్నీ చెప్పారు. ఊరివారి మద్దతు లేఖలు కావాలంటే బడి ప్రధానోపాధ్యాయురాలు, వృద్ధాశ్రమం వారు, కిరాణా కొట్టు యజమాని తలా ఒకటి రాశారు. కారు సంగతి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. దారి తెలిస్తే కష్టమైనది కాదు.

కష్టమైనది మనిషి.

జాకెట్లు వచ్చినా, కారు వచ్చినా రాత్రి కారులో ఉండేది ఒక్కరే. ఆ రెండో మనిషి కోసం వెళ్లాల్సింది కాప్స్ కార్యాలయం హైరింగ్ ప్రోగ్రాం (పోలీసు నియామకాల పథకం) దగ్గరకు. 1994 నేర నియంత్రణ చట్టంతో న్యాయశాఖలో ఏర్పడిన కార్యాలయం అది. పోటీ దేశమంతటా ఉంటుంది. చట్ట ప్రకారం సొమ్ములో సగం 1,50,000 లోపు జనాభాకు సేవలందించే సంస్థలకు వెళ్లాలి కాబట్టి మహానగరాలతో నేరుగా తలపడే భయం కొంత తగ్గుతుంది. కొత్తగా చేర్చుకునే పోలీసు ప్రారంభ జీతం, ఇతర ప్రయోజనాల్లో 75 శాతం దాకా మూడేళ్లపాటు ఇస్తారు.

75 శాతం అన్న మాట విని కౌన్సిల్ మొదటి సమావేశంలోనే తల ఊపింది. నేను ఇంటికి వెళ్లి లెక్క వేశాను. మా ఊళ్లో కొత్త పోలీసు జీతం, ఆరోగ్య బీమా, పింఛను వాటా కలిపి ఏడాదికి 68,000 డాలర్లు. మూడేళ్లకు 2,04,000. అందులో 75 శాతమంటే 1,53,000. కానీ ఒక ఉద్యోగానికి గరిష్ఠ పరిమితి 1,25,000. అంటే మాకు నిజంగా వచ్చేది 61 శాతం. మూడేళ్లలో ఊరు పెట్టాల్సింది 79,000. అక్కడితో అయిపోలేదు. గ్రాంటు ముగిశాక ఆ ఉద్యోగాన్ని కనీసం మరో 12 నెలలు ఊరి సొంత డబ్బుతో నిలబెట్టాలి. ఆ 68,000 కలిపితే నాలుగేళ్లలో ఊరి వాటా 1,47,000, కేంద్రం వాటా 1,25,000. యూనిఫాం, తుపాకీ, కారు, శిక్షణ రుసుము ఇందులో లేవు. గ్రాంటు ఇచ్చేది జీతానికి, ప్రయోజనాలకు మాత్రమే.

ఈ అంకెలు ఒకే పేజీ మీద పెట్టి కౌన్సిల్ ముందుంచాను. గది నిశ్శబ్దమైపోయింది. ఒక సభ్యురాలు అడిగారు: "నాలుగో ఏడాది జీతం ఎవరిస్తారు?" గ్రాంట్ల గురించి నేను విన్న ప్రశ్నలన్నిటిలో సరైన ప్రశ్న అదే. దరఖాస్తు ఎంత బాగా రాశామన్నది రెండో సంగతి. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా మనిషిని తెస్తే, మూడేళ్లు రాత్రిళ్లు ఊరిని కాచినవారిని నాలుగో ఏడు ఇంటికి పంపాల్సి వస్తుంది. అప్పటికి ఊరి జనం ఇద్దరుంటారన్న నమ్మకానికి అలవాటుపడి ఉంటారు. చివరికి కౌన్సిల్ ఒప్పుకున్నది ఇది: గ్రాంటు వచ్చిన రోజు నుంచి ఏటా 23,000 డాలర్లు విడిగా ఒక నిధిలో వేయాలి, మూడేళ్లకు నాలుగో ఏడాది జీతం సిద్ధంగా ఉండాలి. తీర్మానం రాతలో పెట్టారు.

2023లో మొదటిసారి దరఖాస్తు పెట్టాం. రాలేదు.

ఎందుకు రాలేదో నాకు నేనే అర్థం చేసుకోవడానికి ఆ శీతాకాలంలో మా రాతను తీసి మళ్లీ చదివాను. "మా అధికారులు అంకితభావంతో పనిచేస్తున్నారు", "ప్రజల భద్రతే మా ధ్యేయం" అని మొదటి పేజీ నిండా రాశాను. అవన్నీ నిజాలే. దేశంలో ప్రతి ఊరూ అవే రాస్తుంది. మా ఊరి సంగతి అందులో ఒక్కటీ లేదు. రాత్రి ఒక్కరే ఉంటారన్న మాట కూడా నాలుగో పేజీలో ఒక వాక్యంగా ఉంది.

రెండోసారి రాయడానికి ముందు మూడు వారాంతాలు డిస్పాచ్ చిట్టా, అంటే పోలీసులకు వచ్చిన కాల్స్ నమోదు పుస్తకం ముందు కూర్చున్నాను. ఏడాది పొడవునా అర్ధరాత్రి నుంచి ఆరింటి దాకా వచ్చిన ప్రతి కాల్, మా అధికారి చేరిన సమయం, తోడు అడిగిన సమయం, తోడు వచ్చిన సమయం. వాటిలో ఇంట్లో గొడవలకు సంబంధించినవి 61. ఆ 61సార్లూ తలుపు దగ్గర నిలబడింది ఒక్కరే. ఒక నమోదు ఇప్పటికీ కళ్లముందు ఉంది. 2:14కు కాల్. 2:19కి మా అధికారి చేరారు. 2:20కి తోడు అడిగారు. తర్వాతి పంక్తి 2:51. మధ్యలో ముప్పై ఒక్క నిమిషాలు చిట్టాలో ఏమీ లేదు. ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో పక్క గడిలో ఉంది. చంక కింద సందుతో జాకెట్టు వేసుకున్న ఆమే. అడిగితే, "వరండా మెట్ల మీద వాళ్లిద్దరి మధ్య నిలబడి మాట్లాడుతూ ఉన్నాను, మాట ఆపితే ఏమవుతుందోనని" అని చెప్పారు.

కాప్స్ వారు మనిషిని ఊరికే ఇవ్వరు. ఆ మనిషితో ఏ సమస్య మీద, ఎవరితో కలిసి పనిచేస్తారని అడుగుతారు. ఊరివారితో కలిసి సమస్యలు పరిష్కరించే పోలీసింగ్ కోసమే ఆ కార్యాలయం పుట్టింది. మా సమస్య ఆ 61 కాల్స్‌లోనే ఉంది. ఒకే ఇంటి నుంచి మళ్లీ మళ్లీ వచ్చినవి చాలా ఉన్నాయి. కౌంటీలో బాధిత మహిళలకు ఆశ్రయమిచ్చే సంస్థతో మాట్లాడి, కాల్ వచ్చిన ఇంటికి ఆ వారంలోనే మా అధికారి, ఆ సంస్థ మనిషి కలిసి మళ్లీ వెళ్లే పద్ధతిని రాసుకున్నాం. ఈసారి మొదటి వాక్యమే ముప్పై ఒక్క నిమిషాలతో మొదలైంది. విశేషణాలన్నీ కొట్టేశాను.

దరఖాస్తు రెండు చోట్ల పెట్టాలి, రెండిటికీ వేర్వేరు గడువులు. మొదట గ్రాంట్స్ డాట్ గవ్‌లో ఎస్‌ఎఫ్-424 అనే దరఖాస్తు ఫారం తదితర పత్రాలు, తర్వాత న్యాయశాఖ వెబ్‌సైట్ జస్ట్‌గ్రాంట్స్‌లో అసలు రాత, బడ్జెట్. మొదటి గడువుకు నాలుగు రోజుల ముందే పంపాను. గంటలో తిరస్కరణ సందేశం వచ్చింది. యూఈఐ తప్పు. పన్నెండు అక్షరాంకెలనూ ఒక్కొక్కటిగా పోల్చి చూస్తే, సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లిష్ 'ఓ' (O) అక్షరం కొట్టాను. ఈ గందరగోళం రాకూడదనే యూఈఐలో 'ఓ' (O), 'ఐ' (I) అక్షరాలు అసలు వాడరని ఆ రోజే తెలిసింది. గడువు రోజున పంపి ఉంటే ఏడాది శ్రమ ఆ ఒక్క గుండ్రని గీత దగ్గర పోయేది.

2024 వేసవిలో, ఫలితం రాకముందు, మా పోలీసుల్లో ఒకరు రిటైరయ్యారు. కౌన్సిల్‌లో ఒకరు మంచి ఉద్దేశంతోనే అన్నారు: "ఆ ఖాళీ అలాగే ఉంచుదాం, గ్రాంటు మనిషి వస్తే అందులో సర్దుకుంటారు, ఒక జీతం మిగులుతుంది." నేను లేచి నిలబడి వద్దన్నాను. ఊరు ఎటూ పెట్టాల్సిన జీతాన్ని తప్పించుకుని ఆ స్థానంలో కేంద్ర సొమ్ము పెట్టడాన్ని సప్లాంటింగ్ అంటారు. అది నిషిద్ధం. తేలితే సొమ్ము తిరిగి కట్టాలి, ముందుముందు గ్రాంట్లకు అర్హత పోవచ్చు. నియమం సంగతి అలా ఉంచితే, తొమ్మిదిమంది ఎనిమిదై మళ్లీ తొమ్మిదయితే రాత్రి కారులో ఉండేది మళ్లీ ఒక్కరే కదా. ఖాళీని ఊరి డబ్బుతో నింపడానికి ఆ వారమే ప్రకటన ఇచ్చారు. ప్రకటన తేదీ, వచ్చిన దరఖాస్తులు, నియామక పత్రం అన్నీ ఒక ఫైలులో పెట్టాను, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి.

ఆ శరదృతువులో ఫలితం వచ్చింది. ఒక ఉద్యోగం. చీఫ్ నా బల్ల దగ్గరకు వచ్చి ఆ కాగితం మౌనంగా రెండుసార్లు చదివారు.

తర్వాతి పని ఎవరూ పెద్దగా చెప్పుకోరు గానీ సగం శ్రమ అక్కడే ఉంది. గ్రాంటు లెక్క ఊరి మిగతా లెక్కల్లో కలవకుండా విడి ఖాతా ఉండాలి. ఆ అధికారి పనిచేసిన గంటల చీటీలు, జీతం బిల్లులు ఒకదానికొకటి సరిపోవాలి. ప్రతి మూడు నెలలకు ఎస్‌ఎఫ్-425 ఆర్థిక నివేదిక, ఆ త్రైమాసికం ముగిసిన 30 రోజుల్లోగా. ఆలస్యమైతే సొమ్ము తీసుకునే దారి ఆగిపోతుంది, జీతం రోజు మాత్రం ఆగదు. ఏడాదిలో ఖర్చుచేసిన కేంద్ర నిధులన్నీ కలిపి హద్దు దాటితే ప్రత్యేక ఆడిట్ కూడా చేయించాలి. ఆ హద్దు అంతకుముందు 7,50,000 డాలర్లు, 2024 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు 10,00,000. ఆ ఏడాది మా నీటి శుద్ధి పనులకు కూడా కేంద్ర సొమ్ము వచ్చింది కాబట్టి అన్నీ కలిపి చూసుకోవాల్సి వచ్చింది. పోలీసు గ్రాంటే కదా అని విడిగా చూస్తే ఈ హద్దు కనపడదు.

కొత్త అధికారి 2025 వసంతంలో చేరారు. 36 నెలల లెక్క ఆ రోజు నుంచే. అకాడమీ ముగించి, పాతవారి పక్కన కూర్చుని నేర్చుకునే కాలం దాటి, శరదృతువులో రాత్రి డ్యూటీకి వచ్చారు. వారంలో నాలుగు రాత్రులు ఇప్పుడు ఇద్దరుంటున్నారు. మిగతా మూడు రాత్రులు ఇంకా ఒక్కరే. ఆశ్రయ సంస్థవారితో కలిసి తిరిగి వెళ్లే పని మొదలైంది. కొన్ని ఇళ్లు తలుపు తీస్తున్నాయి, కొన్ని తీయడం లేదు.

వచ్చే ఏడాది బడ్జెట్ ముసాయిదా ఇప్పుడు నా ముందుంది. విడిగా వేయాల్సిన 23,000 మీద ఒక సభ్యుడు పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టారు. రోడ్ల మరమ్మతుకు డబ్బు చాలడం లేదని ఆయన బాధ, అదీ నిజమే. మంగళవారం సమావేశానికి తీర్మానం ప్రతిని, పక్కనే రెండు గడులున్న ఒక కాగితాన్ని తీసుకెళుతున్నాను. ఒక గడిలో 2027 అక్టోబరు, ఆరు జాకెట్లు. రెండో గడిలో 2028 వసంతం, 37వ నెల జీతం. చిట్టాలోని ఆ పంక్తి కూడా అచ్చు తీసి పెట్టుకున్నాను: 2:20, 2:51.